కంది అడవి బంధువులు: జన్యు సంబంధాలను తేల్చి వర్గీకరించే విధానంపై సమగ్ర మార్గదర్శి

మన పొలాల్లో పండే కంది ఒకే జాతి. దాని ప్రజాతి (దగ్గరి జాతులను కలిపిన సమూహం) అయిన కజానస్‌లో మాత్రం, డచ్ వృక్షశాస్త్రవేత్త వాన్ డెర్ మాసెన్ 1986లో ప్రచురించిన సమగ్ర అధ్యయనం ప్రకారం, 32 జాతులున్నాయి. వాటిలో అధిక భాగం భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా ప్రాంతాలలో పెరుగుతుండగా, కజానస్ కెర్‌స్టింగి అనే ఒక్క జాతి పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. ఈ అడవి జాతులలో ఏది కందికి దగ్గర, ఏది దూరం, ఏ రెండింటిని ఒకే గుంపులో ఉంచాలి అనే విషయాలను తేల్చే పద్ధతిని ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది. వృక్షశాస్త్రం, మొక్కల ప్రజననం చదువుతున్న స్నాతకోత్తర విద్యార్థులను, పరిశోధన మొదలుపెట్టబోతున్న వారిని దృష్టిలో ఉంచుకొని దీనిని రాస్తున్నాను. పెసర, మినుము, అలసంద, శనగల అడవి బంధువులపై పనిచేసేవారు కూడా స్వల్ప మార్పులతో ఇదే క్రమాన్ని పాటించవచ్చు.

రూపలక్షణాలు, సంకరణ ఫలితాలు, డీఎన్ఏ సమాచారం అనే మూడు రకాల సాక్ష్యాలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాయి. మొక్క నేడు ఎలా కనిపిస్తున్నదో రూపం చెబుతుంది. రెండు జాతుల మధ్య జన్యువులు నేటికీ రాకపోకలు సాగించగలవో లేదో సంకరణం చెబుతుంది. అవి ఎప్పుడు, ఏ వరుసలో విడిపోయాయో డీఎన్ఏ చెబుతుంది. ఈ మూడింటిని మొదటి నుంచీ కలిపివేసి ఒకే చెట్టుచిత్రంగా గీసే అలవాటు మన ప్రయోగశాలల్లో బలంగా ఉంది. వాటిని చివరిదాకా విడివిడిగా నడిపి, అప్పుడు మాత్రమే పక్కపక్కన పెట్టి చూడాలన్నది ఈ మార్గదర్శి అంతటికీ ఆధారం.

1. ప్రశ్నను, పేర్లను స్థిరపరచుకోవడం

"కజానస్ జాతుల మధ్య సంబంధాలు" అనేది పరిశోధన శీర్షిక మాత్రమే కాగలదు, పరిశోధన ప్రశ్న కాలేదు. సాగు కందికి మూలజాతి ఏది అన్నది ఒక ప్రశ్న. ఆస్ట్రేలియా జాతులన్నీ ఒకే పూర్వజాతి నుంచి వచ్చాయా అన్నది మరొకటి. తెగుళ్లను తట్టుకునే గుణాన్ని ఏ అడవి జాతి నుంచి కందిలోకి తేవచ్చు అన్నది మూడవది. మొదటి ప్రశ్నకు కొద్ది జాతులు, ఒక్కో జాతిలో ఎక్కువ నమూనాలు అవసరం కాగా, రెండవదానికి జాతుల సంఖ్య పెరగాలి, ఒక్కో జాతికి రెండు మూడు నమూనాలు చాలు. మూడవదానికి సంకరణ ప్రయోగం లేకుండా జవాబే రాదు.

ప్రశ్న కుదిరాక పాత పేర్లను కొత్త పేర్లతో సరిచూసుకోవాలి. 1834లో వైట్, ఆర్నాట్ అనే శాస్త్రవేత్తలు అటైలోసియా అనే ప్రజాతిని ఏర్పరచిన తరువాత, దాదాపు ఒకటిన్నర శతాబ్దం పాటు కందికి దగ్గరి అడవి జాతులన్నీ ఆ పేరుతోనే నడిచాయి. వాటన్నిటినీ కజానస్‌లో విలీనం చేసినది పైన చెప్పిన 1986 నాటి అధ్యయనమే. కాబట్టి 1980ల నాటి వ్యాసంలో కనిపించే అటైలోసియా స్కారబియాయిడిస్, నేటి వ్యాసంలోని కజానస్ స్కారబియాయిడిస్ ఒకే మొక్క. ఇదే మొక్కను లిన్నేయస్ డోలికోస్ ప్రజాతిలో ఉంచాడు. ప్రతి జాతికి నేటి అంగీకృత నామం, పాత నామాలు, వాటిని పెట్టినవారి పేర్లతో ఒక పట్టికను తయారు చేసుకోకుండా పాత సాహిత్యం చదవడం మొదలుపెట్టకూడదు. లేకపోతే ఒకే మొక్కను రెండు జాతులుగా లెక్కించే ప్రమాదం ఉంది.

2. నమూనాల సేకరణ

తెలుగువారికి ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జన్యుబ్యాంకు ప్రపంచంలో కంది జన్యుసంపదకు ప్రధాన నిలయాలలో ఒకటి. అక్కడ సాగు కంది నమూనాలు పదమూడు వేలకు పైగా ఉండగా, అడవి బంధువుల నమూనాలు కూడా వందల సంఖ్యలో భద్రపరచబడి ఉన్నాయి. అడవి నమూనాల సంఖ్యలకు ముందు ఐసీపీడబ్ల్యూ అనే అక్షరాలు ఉంటాయి. కంది ఆహార, వ్యవసాయ జన్యువనరుల అంతర్జాతీయ ఒడంబడిక పరిధిలోని పంట కనుక, విత్తనాలు ప్రామాణిక బదిలీ ఒప్పందంపై సంతకం చేసిన తరువాతే అందుతాయి. ఆ ఒప్పందం నకలును పరిశోధన దస్త్రంలో జాగ్రత్త చేయాలి.

జన్యుబ్యాంకు నుంచి వచ్చిన విత్తనంపై రాసి ఉన్న జాతి పేరును అలాగే నమ్మకూడదు. దశాబ్దాలుగా పునరుత్పత్తి చేసిన నమూనాలలో కల్తీ, పొరపాటు గుర్తింపు రెండూ అప్పుడప్పుడు ఉంటాయి. ప్రతి నమూనాను పూతకు, కాతకు తెచ్చి, గుర్తింపు కీలతో (లక్షణాల వరుసను బట్టి జాతిని తేల్చే పట్టికలతో) సరిచూచి, ఎండబెట్టిన ఆధార నమూనాను గుర్తింపు పొందిన హెర్బేరియంలో (ఎండు మొక్కల భాండాగారంలో) చేర్చి, ఆ సంఖ్యను డీఎన్ఏ సంఖ్యతో జతచేయాలి. ఆధార నమూనా లేని డీఎన్ఏ వరుస శాస్త్రీయంగా అనాథ. దానిపై వివాదం వస్తే తిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

క్షేత్రంలో సేకరించేవారు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద తమకు వర్తించే అనుమతులను, అటవీ భూమి అయితే అటవీశాఖ అనుమతిని కూడా, ముందుగా పొందాలి. కజానస్ స్కారబియాయిడిస్ గట్ల మీద, పొదల్లో, పడావు భూముల్లో అల్లుకొని విస్తారంగా దొరికే తీగ. కందికి అతి దగ్గరిదైన కజానస్ కజానిఫోలియస్ మాత్రం ఒడిశా, బస్తర్, తూర్పు కనుమల పరిధిలోని పరిమిత ప్రాంతాలకే చెందినది. రెండవదాన్ని సేకరించేటప్పుడు చుట్టుపక్కల కంది చేలు ఎంత దూరంలో ఉన్నాయో తప్పక నమోదు చేయాలి. కందిలో తేనెటీగల వంటి కీటకాల వల్ల పరపరాగ సంపర్కం గణనీయంగా జరుగుతుంది. చేనుకు ఆనుకొని పెరిగిన అడవి మొక్క నిజమైన అడవి మొక్కో, రెండు తరాల క్రితం జరిగిన సంకరమో బయటికి తెలియదు. ఒక్కో స్థలంలో కొంత ఎడంగా ఉన్న పలు మొక్కల నుంచి లేత ఆకులను తీసి, సిలికా జెల్ ఉన్న సంచుల్లో వెంటనే ఆరబెట్టాలి.

3. పెంపకం, రూపలక్షణాల నమోదు

అడవి జాతుల విత్తనాలకు పైపొర గట్టిగా ఉంటుంది. సాగు కంది గింజల్లా నేరుగా నాటితే నెలల తరబడి మొలకెత్తకుండా ఉండిపోతాయి. విత్తుచారకు (గింజ కాయకు అంటుకొని ఉన్న చోట మిగిలే మచ్చకు) ఎదురు వైపున పదునైన బ్లేడుతో పైపొరను కొద్దిగా చీల్చి, తడి వడపోత కాగితంపై ఉంచి, మొలక వచ్చాక కుండీల్లోకి మార్చాలి. తీగజాతులకు ఊతకర్రలు ముందే పాతాలి, లేకపోతే పక్కపక్క కుండీల తీగలు అల్లుకుపోయి ఏ కాయ ఏ నమూనాదో తెలియకుండా పోతుంది. అన్ని నమూనాలను ఒకే తోటలో, ఒకే కాలంలో, పునరావృతాలతో పెంచితేనే కనిపించే భేదాలు జన్యుపరమైనవని చెప్పగలం.

నమోదు చేయవలసిన లక్షణాలలో మొక్క స్వభావం (నిటారు పొదా, అల్లుకునే తీగా), పత్రకాల ఆకారం, ఆకు అడుగున ఉండే సూక్ష్మ గ్రంథులు, నూగు రకం, రక్షక పత్రావళి దంతాల పొడవు, ధ్వజ దళం రంగు, కాయలోని గింజల సంఖ్య, కాయపై గింజల మధ్య అడ్డంగా పడే నొక్కులు ముఖ్యమైనవి. స్కారబియాయిడిస్ కాయలపై ఈ నొక్కులు, దట్టమైన నూగు స్పష్టంగా ఉంటాయి. ఆ నూగు శనగపచ్చ పురుగు పిల్లలను కాయ గోడకు చేరనివ్వదు కనుకనే ప్రజననకారులకు ఈ జాతిపై అంత ఆసక్తి. కజానస్ ప్లాటికార్పస్ అనే మరో అడవి జాతి కాయలు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటాయి, పైగా ఆ మొక్క ఏకవార్షికం.

ఒక లక్షణాన్ని మాత్రం చేతిలో గింజ పెట్టుకొని చూడాలి. ఎండిన కజానిఫోలియస్ గింజను భూతద్దం కింద తిప్పితే విత్తుచారను ఆనుకొని, పాలిపోయిన రంగులో, ఉబ్బెత్తుగా ఒక చిన్న కండ కనిపిస్తుంది. దీన్ని స్ట్రోఫియోల్ అంటారు. సాగు కంది గింజపై ఆ చోట సాధారణంగా నున్నగా, ఖాళీగా ఉంటుంది. మిగతా మొక్క అంతా, అంటే పొద ఆకారం, ఆకులు, పసుపు పూలు, చూసినవారు కంది అనుకునేంతగా పోలి ఉంటుంది. కందిని ఒక ప్రజాతిలోనూ దాని సమీప బంధువులను మరో ప్రజాతిలోనూ ఉంచడానికి అంతకాలం ప్రధాన ఆధారంగా నిలిచినది ఈ చిన్న కండే. గింజ రాలే గుణం, పైపొర గట్టిదనం, గింజ పరిమాణం లాగే ఇది కూడా మనుషుల ఎంపికలో త్వరగా మారిపోగల లక్షణమని గుర్తించాక ఆ హద్దు నిలవలేదు. అందుకే లక్షణాల పట్టికలో సాగువల్ల మారే లక్షణాలకు ఒక గుర్తు పెట్టి, వాటితో ఒకసారి, అవి లేకుండా మరోసారి విశ్లేషణ చేయాలని నా సలహా. రెండు ఫలితాలకు మధ్య తేడా పెద్దగా ఉంటే, మీ రూపలక్షణ చిత్రం బంధుత్వానికి బదులు వ్యవసాయ చరిత్రను చూపుతోందన్నమాట.

4. సంకరణం, కణశాస్త్ర పరిశీలన

డీఎన్ఏ వరుసలు చౌకగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఈ మెట్టును చాలామంది దాటేస్తున్నారు. రెండు మూడు పంటకాలాలు పట్టే పని కావడం అందుకు కారణం. కానీ ప్రజననకారుడికి చివరికి పనికొచ్చే సమాచారం ఇక్కడే పుడుతుంది, దీన్ని వదలకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

కందిలో పువ్వు విచ్చుకోకముందే మొగ్గలోనే పరాగకోశాలు పగులుతాయి. కాబట్టి పూర్తి పరిమాణంలో మూడింట రెండు వంతులు పెరిగిన మొగ్గలను ఎంచుకొని, సన్నని పట్టకారుతో పది కేసరాలనూ (తొమ్మిది కలిసి ఒక కట్టగా, ఒకటి విడిగా ఉంటాయి) కీలాగ్రానికి దెబ్బ తగలకుండా తొలగించాలి. తండ్రి మొక్క నుంచి అప్పుడే విచ్చిన పూల పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, మొగ్గకు రంగు దారం కట్టి, అదే గుత్తిలోని మిగిలిన మొగ్గలను తుంచివేయాలి. కీటకాలు రాకుండా మొక్కలను వలగదిలో ఉంచాలి. ప్రతి జంటనూ రెండు దిశల్లోనూ కలపాలి, అంటే ఒకసారి అడవి జాతి తల్లిగా, మరోసారి తండ్రిగా ఉండాలి. ఒక దిశలో సులువుగా వచ్చిన సంకరం మరో దిశలో అసలు రాకపోవడం ఈ ప్రజాతిలో మామూలే. ఒకే దిశలో ప్రయత్నించి "కలవవు" అని రాయడం సరికాదు.

నమోదులో ఎన్ని మొగ్గలు కలిపారు, ఎన్ని కాయలు నిలిచాయి, ఎన్ని నిండు గింజలు వచ్చాయి, ఎన్ని మొలిచాయి, సంకర మొక్కల పుప్పొడిలో ఎంత శాతం సజీవం అనే ఐదింటికీ విడి గడులు ఉండాలి. విఫలమైన చోటు ఏదో చెబితేనే ఆ వైఫల్యానికి అర్థం ఉంటుంది. పుప్పొడి కీలాగ్రంపైనే మొలవకపోవడం వేరు, ఫలదీకరణ జరిగి పిండం మధ్యలో చనిపోవడం వేరు. ప్లాటికార్పస్‌తో జరిగేది రెండవది. దాని సంకరాలు ఇక్రిశాట్‌లో పిండ రక్షణ పద్ధతి ద్వారా, అంటే లేత పిండాన్ని అండం నుంచి తీసి పోషక మాధ్యమంపై పెంచడం ద్వారా, 1990లలో సాధ్యమయ్యాయి. అలా వచ్చిన మొక్కలు వంధ్యంగా ఉండటంతో, కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేసి ఫలవంతం చేయవలసి వచ్చింది.

సంకర మొక్కల చిన్న మొగ్గలను ఉదయం వేళ సేకరించి, మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచి, 70 శాతం ఆల్కహాలులోకి మార్చి, ఎసిటోకార్మిన్‌తో రంగువేసి క్షయకరణ విభజనను (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణ విభజనను) పరిశీలించాలి. కజానస్ జాతులలో క్రోమోజోముల సంఖ్య 22 కాబట్టి రెండు జాతుల క్రోమోజోములు సక్రమంగా జతకడితే 11 జతలు కనిపిస్తాయి. జతకట్టని ఒంటరి క్రోమోజోములు, నాలుగేసి కలిసిన వలయాలు, వెనుకబడిన ఖండాలు ఎన్ని కణాల్లో కనిపించాయో లెక్కించాలి. ఒక హెచ్చరిక: 11 జతలు కనిపించినంత మాత్రాన రెండు జీనోములు (జాతుల మొత్తం డీఎన్ఏలు) ఒకటేనని చెప్పలేం. చిన్న చిన్న తలకిందుల మార్పులు సూక్ష్మదర్శినికి చిక్కవు, అవి పుప్పొడి వంధ్యత్వంలో మాత్రమే బయటపడతాయి.

5. డీఎన్ఏ వెలికితీత

కంది వర్గపు ఆకుల్లో పాలీఫినాల్స్ ఎక్కువ, ముదురు ఆకు వాడితే డీఎన్ఏ గోధుమరంగుకు తిరిగి ఎంజైములను అడ్డుకుంటుంది. విప్పీ విప్పని లేత ఆకులను మాత్రమే వాడాలి. రెండు శాతం సీటాబ్ (కణపొరలను కరిగించే డిటర్జెంటు), 1.4 మోలార్ ఉప్పు ఉన్న ద్రావణానికి పీవీపీని (పాలీఫినాల్స్‌ను పట్టి ఉంచే పదార్థాన్ని), వాడే ముందు కొద్దిగా బీటా మెర్‌కాప్టోఇథనాల్‌ను కలిపి, నూరిన ఆకును 65 డిగ్రీల వద్ద అరగంట నుంచి గంట వరకు ఉంచాలి. తరువాత 24 పాళ్లు క్లోరోఫాం, ఒక పాలు ఐసోఅమైల్ ఆల్కహాలు మిశ్రమంతో శుద్ధిచేసి, ఐసోప్రొపనాల్‌తో అవక్షేపించి, 70 శాతం ఇథనాల్‌తో కడిగి, ఆర్ఎన్ఏను ఎంజైముతో తొలగించాలి. 260, 280 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద కాంతి శోషణ నిష్పత్తి 1.8 దగ్గర ఉందో లేదో చూడటమే కాక, 0.8 శాతం అగరోజ్ జెల్‌పై నడిపి పట్టీ చెదరకుండా ఉందో కూడా చూడాలి.

6. మార్కర్ల ఎంపిక

1990లలో ఆర్‌ఎఫ్‌ఎల్‌పీ, ఆర్‌ఏపీడీ మార్కర్లతో (నమూనాల మధ్య తేడాను చూపే డీఎన్ఏ గుర్తులతో) కజానస్‌పై జరిగిన అధ్యయనాలు ఒక విషయాన్ని స్పష్టం చేశాయి: సాగు కంది రకాల మధ్య భేదం చాలా తక్కువ, అడవి జాతుల మధ్య భేదం చాలా ఎక్కువ. తరువాతి పద్ధతులన్నీ దీన్ని బలపరిచాయి. అయితే ఆర్‌ఏపీడీ ఫలితాలు ప్రయోగశాల మారితే మారతాయి కనుక ఇప్పుడు కొత్తగా వాటిని మొదలుపెట్టడానికి కారణం లేదు.

ఎస్ఎస్ఆర్ మార్కర్లు (చిన్న డీఎన్ఏ పునరావృతాలపై ఆధారపడేవి) ఒకే జాతిలోని లేదా అతి దగ్గరి జాతుల మధ్య తేడాలకు మంచివి. కానీ వాటిని సాగు కంది వరుసల నుంచి రూపొందించడం వల్ల దూరపు జాతుల్లో కొన్ని ప్రైమర్లు (ఆ ప్రాంతానికి అతుక్కొని నకలు మొదలుపెట్టే డీఎన్ఏ ముక్కలు) పనిచేయవు. ఆ ఖాళీని "పట్టీ లేదు" అని సున్నాగా నమోదు చేస్తే, దూరపు జాతులన్నీ సున్నాలను పంచుకున్నందువల్లే ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. సాగు రకాల ఆధారంగా తయారైన, ఒక్క అక్షరపు డీఎన్ఏ తేడాలను చదివే ఎస్ఎన్‌పీ చిప్‌లలోనూ ఇదే దోషం ఉంది. జాతుల విభజన క్రమాన్ని తేల్చడానికి కేంద్రక డీఎన్ఏలోని ఐటీఎస్ ప్రాంతం, హరితరేణువు నుంచి మ్యాట్‌కే, ట్రన్‌ఎల్-ఎఫ్ వంటి ప్రాంతాలు కనీస అవసరం. వనరులు ఉంటే జీనోమ్ అంతటా చిన్న ముక్కలను చదివే జీబీఎస్, లేదా ఒక్కో నమూనా జీనోమ్‌ను మొత్తంగా చదివే పూర్తి పునర్వరుసక్రమం మేలు.

పూర్తి పునర్వరుసక్రమానికి ఆధార జీనోమ్ ఉంది. ఆశ అనే పేరుతో ప్రసిద్ధమైన ఐసీపీఎల్ 87119 రకం ముసాయిదా జీనోమ్ 2012లో ప్రచురితమైంది, అందులో 48,680 జన్యువులను గుర్తించారు. 2017లో 292 కజానస్ నమూనాల పునర్వరుసక్రమం వెలువడింది. అయితే అడవి జాతుల ముక్కలను సాగు కంది జీనోమ్‌పై అమర్చినప్పుడు, బాగా మారిపోయిన ప్రాంతాలు అమరక జారిపోతాయి, ఆ విధంగా దూరపు జాతులు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయి. ప్రతి నమూనాకు ఎంత శాతం ముక్కలు అమరాయో పట్టికలో ఇవ్వడం తప్పనిసరి.

7. విశ్లేషణ

పట్టీల ఉనికి, లేమి సమాచారానికి జకార్డ్ సూచికను వాడాలి. అది రెండు నమూనాలలోనూ లేని పట్టీని పోలికగా లెక్కించదు. చెట్టుచిత్రం గీసే యూపీజీఎంఏ పద్ధతి అన్ని శాఖలు ఒకే వేగంతో మారాయని ఊహిస్తుంది. ఏకవార్షికమైన ప్లాటికార్పస్, బహువార్షిక పొదలు ఒకే పట్టికలో ఉన్నప్పుడు ఆ ఊహను నమ్మడానికి ఆధారం లేదు, కనుక ఆ ఊహ అవసరం లేని నైబర్ జాయినింగ్‌తో సరిపోల్చాలి. జనాభా నిర్మాణాన్ని చూపే విశ్లేషణను జాతుల మధ్య వాడటంకంటే, కజానిఫోలియస్, సాగు కంది రెండింటినీ కలిపి చేస్తే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే చేల పక్కన జరిగిన సంకరణం అక్కడే బయటపడుతుంది.

డీఎన్ఏ వరుసలను మాఫ్ట్ వంటి సాధనంతో అమర్చి, డీఎన్ఏ మార్పులను వివరించే తగిన గణిత నమూనాను (మోడల్‌ను) ఎంచుకొని, గరిష్ఠ సంభావ్యత పద్ధతిలో, శాఖల బలాన్ని పరీక్షించే వెయ్యి బూట్‌స్ట్రాప్‌లతో చెట్టును నిర్మించాలి. బాహ్యవర్గంగా (పోలిక కోసం గుంపు బయట నుంచి తీసుకునే జాతులుగా) అదే ఉపతెగకు చెందిన రింకోసియా, డన్‌బారియా జాతులను కలిపి పెట్టాలి. ఒక్కదాన్నే పెడితే చెట్టు వేరు తప్పు చోట పడవచ్చు. కేంద్రక చెట్టును, హరితరేణువు చెట్టును విడివిడిగా నిర్మించి పోల్చాలి. రెండూ ఏకీభవించని చోట్లు లోపాలు కావు, పూర్వ సంకరణానికి ఆనవాళ్లు కావచ్చు. చాలా పుష్పించే మొక్కల్లో హరితరేణువు తల్లి నుంచి వస్తుంది. ఆల్ఫాల్ఫా వంటి కొన్ని పప్పుజాతి మొక్కల్లో తండ్రి నుంచి కూడా వస్తుంది కాబట్టి, మీ సొంత సంకరాలలోనే వారసత్వాన్ని పరీక్షించి చూడటం మంచిది. నాలుగో మెట్టులో తయారైన మొక్కలు ఇక్కడ అక్కరకొస్తాయి.

8. సాక్ష్యాలను కలిపి వర్గీకరించడం

ఇప్పుడు మూడు సాక్ష్యాలను ఒకే పట్టికలో, జాతికి ఒక వరుస చొప్పున పెట్టాలి. కజానిఫోలియస్ విషయంలో మూడూ ఒకే మాట చెబుతాయి: రూపంలో స్ట్రోఫియోల్ మినహా దాదాపు కందే, సంకరాలు ఫలవంతం, డీఎన్ఏలో సమీపతమం. అందుకే దాన్ని కందికి మూలజాతిగా పరిగణిస్తున్నారు. స్కారబియాయిడిస్ విషయంలో రూపం ఒక మాట, సంకరణం మరో మాట చెబుతాయి. పొదకు, తీగకు ఉన్నంత భేదం రూపంలో ఉన్నా, పిండ రక్షణ అవసరం లేకుండానే కందితో కలుస్తుంది. ఐసీపీ 28, ఐసీపీడబ్ల్యూ 94 (స్కారబియాయిడిస్ నమూనా)ల సంకరం నుంచి కొన్ని కంది జన్యుపటాలు తయారయ్యాయి.

హార్లాన్, డి వెట్ 1971లో ప్రతిపాదించిన జన్యుకోశ పద్ధతి (పంటతో ఎంత సులువుగా సంకరించగలమో బట్టి జాతులను విభజించేది) ఈ పట్టికకు సరిగ్గా సరిపోతుంది. సాగు కంది ప్రాథమిక కోశం. కజానిఫోలియస్, స్కారబియాయిడిస్, ఆల్బికాన్స్, సెరిసియస్, లీనియేటస్, ట్రైనెర్వియస్, ఆస్ట్రేలియాకు చెందిన అక్యుటిఫోలియస్ మొదలైనవి ద్వితీయ కోశం. ప్లాటికార్పస్, గోయెన్సిస్, రూగోసస్, వొల్యుబిలిస్, కెర్‌స్టింగి వంటివి తృతీయ కోశం. ఇది ఉపయోగాన్ని బట్టి చేసిన వర్గీకరణ, వంశవృక్షం కాదు. సంకరణ పద్ధతులు మెరుగైనకొద్దీ ఒక జాతి తృతీయం నుంచి ద్వితీయానికి మారవచ్చు, వంశవృక్షంలో దాని స్థానం మాత్రం కదలదు. ఈ రెండింటినీ వ్యాసంలో వేర్వేరు శీర్షికల కింద రాయాలి. ఒక గుంపుకు కొత్త ప్రజాతి లేదా ఉపప్రజాతి హోదా ఇవ్వాలంటే కేంద్రక, హరితరేణువు చెట్లు రెండింటిలోనూ అది ఒకే శాఖగా, మంచి మద్దతుతో నిలవాలి, పైగా చేతిలో గింజో పువ్వో పట్టుకొని గుర్తించగల లక్షణం కనీసం ఒకటైనా ఉండాలి. చెట్టుచిత్రం ఒక్కదాన్ని చూసి పేర్లు మార్చడానికి నేను అనుకూలం కాదు.

దగ్గరితనం తెలిస్తే ప్రయోజనం ఏమిటో హైబ్రిడ్ కంది చూపింది. అడవి జాతిని తల్లిగా, కందిని తండ్రిగా తీసుకొని పదే పదే కందితోనే వెనుకసంకరణం చేస్తే, అడవి కణద్రవ్యంలో కంది కేంద్రకం ఉండే పురుష వంధ్య (సజీవ పుప్పొడి ఏర్పడని) మొక్కలు వస్తాయి. స్కారబియాయిడిస్ నుంచి ఏ2, కజానిఫోలియస్ నుంచి ఏ4 కణద్రవ్యాలు ఇలా లభించాయి. ఏ4 ఆధారంగా రూపొందిన ఐసీపీహెచ్ 2740 హైబ్రిడ్, మన్నెంకొండ కంది పేరుతో 2015లో తెలంగాణలో విడుదలైంది.

9. భద్రపరచడం

డీఎన్ఏ వరుసలను జెన్‌బ్యాంకు అనే బహిరంగ డీఎన్ఏ భాండాగారంలో, లక్షణాల పట్టికను, అమరిక ఫైళ్లను బహిరంగ భాండాగారంలో ఉంచి, ప్రతి పంక్తికి జన్యుబ్యాంకు సంఖ్య, హెర్బేరియం సంఖ్య, సేకరణ స్థలం జతచేయాలి. సంకర విత్తనాలలో కొన్నిటిని తేమ తగ్గించి శీతలగదిలో ఉంచాలి. విఫలమైన సంకరణాల లెక్కలను కూడా ప్రచురించాలి, ఎందుకంటే తరువాత వచ్చేవారు పిండ రక్షణ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించుకునేది వాటిని చూసే.